కనబడని రోగుల లెక్క



"ఈ జబ్బునకు ఈ మందు పుచ్చుకొన్నవారిలో నూటికి ఎనుబదిమంది అయిదేండ్లు బ్రదికిరి" అను వంటి మాటలను మనము పత్రికలలో చదువుచున్నాము. వైద్యుల నోట వినుచున్నాము. విన్నవెంటనే ఇంటిలోని రోగిని తలచుకొని ధైర్యమో దిగులో తెచ్చుకొనుచున్నాము. కాని ఆ నూఱుమందిని అయిదేండ్లపాటు విడువక కనిపెట్టియున్నవా రెవరు? నడుమ ఊరు విడిచిపోయినవారిని, ఆసుపత్రి మొగము మఱల చూడనివారిని, తమ వయస్సు తాము చెప్పలేనివారిని ఏ లెక్కలో వేసిరి? ఈ ప్రశ్నను గుఱించియే నేడు కొంత మనవి చేయదలచితిని. రోగి యెంతకాలము బ్రదుకును, నయమైన జబ్బు ఎంతకాలమునకు తిరుగబెట్టును అని లెక్కించుటకు గణాంక శాస్త్రమునందు ఒక ప్రత్యేక శాఖ కలదు. దానిని జీవితావధి గణనము అని పిలుచుకొందము.

నేను వైద్యుడను గాను, గణితవేత్తను గాను. తెలుగును సంస్కృతమును చదువుకొని పల్లెబడిలో పాఠములు చెప్పినవాడను. అయినను ఈ చిక్కు నాకు నా బడిలోనే ఎదురైనది. ఒక సంవత్సరము మా బడినుండి పదునలుగురు పిల్లలు పెద్దపరీక్షకు పోగా పన్నిద్దఱు కృతార్థులైరి. గ్రామస్థుల సభలో నేను లేచి, "మన బడిలో నూటికి ఎనుబదియాఱుమంది గట్టెక్కిరి" అని గర్వముతో చెప్పితిని. అప్పుడు వెనుక వరుసలోని యొక రైతు లేచి, "అయ్యవారూ, మావాడు ఆ పద్నాలుగురిలో ఉన్నాడాండి, లేనివాళ్లలో ఉన్నాడాండి?" అని యడిగెను. నాకు మాట రాలేదు. అయిదేండ్లకు ముందు ఆ తరగతిలో నలువదిమంది చేరిరి. తక్కిన యిరువదియాఱుగురు ఏమైరో నేను విచారింపలేదు. హాజరుపట్టీలో వారి పేర్లపై ఎఱ్ఱసిరాతో గీత గీచి ఊరకుంటిని. నా లెక్కలో అబద్ధము లేదు. కాని అది నలువదిమందిని గుఱించిన లెక్క కాదు. వైద్యుల లెక్కలలోను ఈ యెఱ్ఱగీతయే పెద్ద చిక్కు.

ఈ చిక్కు నేటిది కాదు. 1662లో జాన్ గ్రాంటు అను లండను వర్తకుడు ఆ నగరపు మరణపట్టికలను పరిశీలించి, ఏ జబ్బున నెందఱు పోవుచున్నారో తెలుపు గ్రంథము ప్రకటించెను. తోకచుక్క పేరుతో నేటికిని ప్రసిద్ధుడైన ఎడ్మండు హాలీ 1693లో, ఏ వయస్సువాడు ఎన్నేండ్లు బ్రదుకుట సంభావ్యమో చూపు పట్టిక నొకదానిని కూర్చెను. ఆయన లండను లెక్కలను గ్రహింపక, బ్రెస్లా నగరపు లెక్కలను గ్రహించెను. ఆ నగరము నేడు పోలెండు దేశములో నున్నది. లండనునకు పొట్టకూటికై వచ్చువా రనేకులు. ఎక్కడనో పుట్టి అక్కడ చనిపోవుదురు. కావున పుట్టినవారికిని చచ్చినవారికిని లెక్క కుదురదు. పైగా అక్కడి పట్టికలలో చనిపోయినవారి వయస్సులు లేవు. బ్రెస్లాలో రాకపోకలు తక్కువ, వయస్సులును వ్రాయబడినవి. వచ్చిపోవువారివలనను, వ్రాయని వివరములవలనను లెక్క చెడునని మున్నూఱేండ్లకు పూర్వమే ఆ మహనీయుడు గుర్తించినాడు. నేటికిని ఆ రెండే మన ముందున్న చిక్కులు. ఒకటి, రోగి కడవఱకు కనబడకపోవుట. రెండవది, రోగి కనబడినను అతని వివరములు కొన్ని దొరకకపోవుట. వీనిని వేఱువేఱుగా విచారింతము.

మొదటిదానికి సత్రపు లెక్కను దృష్టాంతముగా గొనుడు. సత్రమున దిగిన బాటసారి మూడుదినము లుండి సాగిపోయెను. నాలుగవదినమున అతడు కుశలముగా నున్నాడా యని సత్రపు గుమాస్తా నడిగిన నేమి చెప్పును? "పోవునప్పటికి కుశలమే, తరువాతి సంగతి నే నెఱుగను" అనును. అదియే సరియైన జవాబు. రోగుల విషయమున గూడ ఫలానావానిని ఎనిమిది నెలలు చూచితిమి, అంతవఱకు బ్రదికియుండెను అనునది సగము తెలిసిన సంగతి. దానిని పూర్తిగా తెలియనిదానిగా పాఱవేయరాదు. పూర్తిగా తెలిసినదానిగా భావింపరాదు. శాస్త్రజ్ఞులు ఇట్లు నడుమ తెగిన కాలమునకు సెన్సారింగు అని పేరు పెట్టిరి.

ఇప్పుడొక చిన్న లెక్క వేయుదము. ఇది బోధకై నేను కల్పించినది. పదిమంది రోగులు ఒకేనాడు వైద్యమునకు చేరిరనుకొనుడు. రెండవ నెలలో ఒకడు చనిపోయెను. నాలుగవ నెలలో ఒకడు ఊరు విడిచిపోయెను. ఆఱవ నెలలో ఇద్దఱు చనిపోయిరి. ఎనిమిదవ నెలలో ఇద్దఱు కనబడకుండ పోయిరి. పదియవ నెలలో ఒకడు చనిపోయెను. ఏడాది నిండునప్పటికి ముగ్గురు ఎదుట నున్నారు. అనగా చనిపోయినవారు నలుగురు, ఆచూకీ తెలియనివారు ముగ్గురు, ఉన్నవారు ముగ్గురు. ఏడాది బ్రదికినవారు నూటికి ఎందఱు?

కనబడనివారందఱు చనిపోయిరనుకొన్నచో జవాబు నూటికి 30. వారందఱు బ్రదికియున్నారనుకొన్నచో 60. వారి పేర్లు కొట్టివేసి మిగిలిన ఏడుగురినే లెక్కించినచో ఏడుగురిలో ముగ్గురు, అనగా సుమారు 43. ఒకే పట్టిక, మూడు జవాబులు! మందు అమ్మువాడు 60 అని చాటును. గిట్టనివాడు 30 అని నిందించును. నావంటివాడు ఎఱ్ఱగీత గీచి 43 అని చెప్పును.

1958లో ఎడ్వర్డు కాప్లాను, పాల్ మయరు అను నిద్దఱు అమెరికా పండితులు దీనికి చక్కని మార్గము ప్రకటించిరి. కాప్లాను సముద్రగర్భమున వేయు టెలిఫోను తీగెలలోని గాజుగొట్టములు ఎంతకాలము పనిచేయునో విచారించుచుండెను. మయరు రోగుల జీవితకాలమును విచారించుచుండెను. ఇద్దఱును వేఱువేఱుగా వ్రాసిన వ్యాసములు ఒకే పత్రికకు చేరగా, రెండింటిని ఒక్కటి చేయుడని వారికి సలహా వచ్చినదట. గాజుగొట్టము ఆరిపోవుటకును మనుష్యుడు పోవుటకును లెక్క యొక్కటే యగుట వింత గదా!

వారి మార్గ మిది. మరణము సంభవించిన ప్రతి సమయమునను ఆగి, "ఆ క్షణమునకు ఎదుట నున్నవా రెందఱు? వారిలో ఆ గడియ దాటినవా రెందఱు?" అని యడుగవలెను. మన లెక్కలో రెండవ నెలలో పదిమందిలో తొమ్మిదిమంది దాటిరి. నాలుగవ నెలలో ఒకడు వెడలిపోయినందున ఆఱవ నెలలో ఎదుట నున్నవారు ఎనిమిదిమంది; వారిలో ఆఱుగురు దాటిరి. ఎనిమిదవ నెలలో ఇద్దఱు తగ్గగా పదియవ నెలలో ఎదుట నున్నవారు నలుగురు. వారిలో ముగ్గురు దాటిరి. ఇక ఈ మూడు భాగములను ఒకదానితో నొకటి గుణింపుడు. పదింట తొమ్మిది, ఎనిమిదింట ఆఱు, నాలుగింట మూడు: గుణించిన నూటికి సుమారు 51 వచ్చును. వెడలిపోయినవాడు తాను ఉన్నంతవఱకు సాక్ష్యము చెప్పినాడు. లేనప్పటి సాక్ష్యము అతనిచేత చెప్పింపలేదు. ఇందులోని న్యాయ మంతయు ఇదియే. పదిమందిని మాత్రమే చూచినపుడు ఈ 51 మీద గట్టి నమ్మిక యుంచరాదు; జనసంఖ్య పెరిగినకొలది నమ్మిక పెరుగును.

అయితే ఈ మార్గమున కొక నిబంధన కలదు. వెడలిపోయినవారును ఉన్నవారును ఒకేతీరువారై యుండవలెను. అనగా రోగి వెడలిపోవుటకు అతని జబ్బు ముదురుట గాని తగ్గుట గాని కారణము కాకూడదు. కూతురు పెండ్లికై ఊరు పోయినవాడు ఈ నిబంధనకు లోబడినవాడే. "ఇక లాభము లేదు, ఇంటికడనే ప్రాణము పోనిండు" అని బండి కట్టించుకొని పోయినవాడు లోబడినవాడు కాడు. అతనిని ఉన్నవారివంటివాడే యని లెక్కించిన యెడల మందునకు లేని గొప్ప వచ్చును.

మన శాస్త్రములలో భాట్ట మీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధి యను ప్రమాణము నంగీకరింతురు. నేలమీద కుండ కనబడకపోవుటచేత కుండ లేదని తెలియుట దానికి ఉదాహరణము. కాని చీకటిగదిలో కుండ కనబడలేదు గనుక కుండ లేదనుట చెల్లదు. ఉండినచో తప్పక కనబడదగిన చోట కనబడకున్నప్పుడే ఆ ప్రమాణము చెల్లును. ఆసుపత్రి పుస్తకములో మరణము వ్రాయబడలేదు గనుక రోగి బ్రదికియున్నాడనుట చీకటిగదిలో కుండను వెదకుటయే.

చీకటిగదిలోనికి దీపము తీసికొనిపోయినవారును కలరు. ఎయిడ్స్ వ్యాధికి మందు పుచ్చుకొనుచు నడుమ కనబడకుండ పోయిన రోగులను వెదకిన 17 అధ్యయనములను 2009లో కొందఱు పండితులు ఒక్కచోట జేర్చి చూచిరి. అవి బీదదేశములలో, ముఖ్యముగా ఆఫ్రికా ఖండమున జరిగినవి. ఆచూకీ దొరికినవారిలో నూటికి సుమారు 40మంది చనిపోయి యుండిరి. వారు కనబడకపోవుటకు కారణము నిర్లక్ష్యము కాదు, మరణమే. వారిని విడిచి వేసిన లెక్క ఎంత తప్పుదారి పట్టించునో దీనివలన తెలియుచున్నది. అందఱిని వెదకుట సాధ్యము కానిచో, కనబడనివారిలో కొందఱిని చీట్లువేసి ఎన్నుకొని, వారినైనను గట్టిగా వెదకి, వారి సంగతినిబట్టి తక్కినవారి సంగతి ఊహించు పద్ధతిని ఉగాండా దేశమున ఆచరించి మంచి ఫలము పొందిరి.

ఇక రెండవ చిక్కు. రోగి ఎదుటనే యున్నాడు, కాని వివరములు లేవు. వయస్సునే తీసికొనుడు. మన పల్లెలలో పెద్దవారిని వయస్సడిగినచో, "ఆ పెద్ద గాలివాననాటికి నేను చంకబిడ్డను" అని చెప్పువారు నేటికిని కలరు. లేదా "ఏబదియో అఱువదియో వ్రాసికొనుడు" అందురు. అందుచేతనే జనాభాలెక్కలలో సున్నతోను అయిదుతోను ముగియు వయస్సులవారు ఎక్కువగా కనబడుదురు. వయస్సు తెలియనిదే మందు గుణమేదో, ప్రాయపు బలమేదో వేఱుచేయుట కష్టము. 1972లో డేవిడ్ కాక్సు అను ఇంగ్లండు పండితుడు వయస్సు, మందు, దురలవాట్లు మున్నగునవి కలిసి ప్రాణాపాయమును ఎంతెంత పెంచునో తగ్గించునో తెలియు మార్గము చూపెను. కాని ఆ మార్గమునకు ప్రతిరోగి వివరములును నిండుగా కావలయును. గడి ఖాళీగా నున్నచో నేమి చేయవలెను?

మొట్టమొదట, ఆ గడి ఎందుకు ఖాళీ యయ్యెనో విచారింపవలెను. 1976లో డోనాల్డు రూబిను అను అమెరికా పండితుడు ఈ కారణములను మూడు తెఱగులుగా విభజించెను. కాగితమును చెదలు తిన్నది. చెదపురుగు రోగి ముదుసలియా పడుచువాడా యని చూచి తినదు. ఇది కేవలము దైవికము. ఇందు లెక్క వంకర పోదు. రెండవ తెఱగున, మిక్కిలి ముసలివారు తూనిక యంత్రముమీద నిలువలేరు గనుక వారి బరువు వ్రాయబడలేదు. ఇందు కారణము మనకు తెలిసినదే, వయస్సు పుస్తకములో నున్నది. కావున అదే వయస్సుగల యితరుల బరువునుబట్టి ఊహింపవచ్చును. మూడవది కడుకష్టమైనది. మితిమీఱి త్రాగువాడు తన త్రాగుడు కొలత చెప్పడు. ఏది తెలియవలెనో అదియే తెలియకపోవుటకు కారణ మగుచున్నది. చేతిలోని పట్టికను ఎంత తిరుగవేసినను ఖాళీగడి రెండవ తెఱగుదో మూడవ తెఱగుదో తేలదు. అప్పుడు బుద్ధిమంతుడు "వీరు ఇట్టివారైనచో జవాబెట్లుండును, అట్టివారైనచో నెట్లుండును" అని రెండువిధములను లెక్కించి చూపును. ఒక్కటే జవాబును గద్దించి చెప్పడు.

గడి నింపుటకు సులభమైన మార్గములు రెండు కలవు, రెండును దోషయుక్తములే. ఖాళీగడి గల రోగిని పుస్తకమునుండి తీసివేయుట మొదటిది. దీనివలన జనము తగ్గుట యటుండగా, చెదల మాటలో తప్ప తక్కినపుడు తఱచుగా లెక్క వంకర పోవును. తెలిసినవారి సరాసరిని ఖాళీగడిలో వ్రాయుట రెండవది. ఇరువదేండ్లవానికిని ఎనుబదేండ్లవానికిని సరాసరి ఏబది; కాని ఆ యిద్దఱిలో ఏబదేండ్లవాడొక్కడును లేడు. సరాసరితో నింపినచో మనుష్యులలోని భేదము మాసిపోవును. పైగా మన ఊహ నిజముగా చూచినదానితో సమానముగా చెల్లిపోవును.

మంచి మార్గము మా పండితవృత్తివారికి పరిచితమైనదే. తాళపత్రగ్రంథమును పరిష్కరించునపుడు ఒక పద్యమున నాలుగక్షరములు పురుగు తినివేసినది. దానిని గ్రంథపాత మందుము. పరిష్కర్త తనకు తోచినది వ్రాయరాదు. ఛందస్సు ఇన్ని మాత్రలే పట్టుననును. యతిస్థానము ఈ యక్షరమే కావలెననును. సందర్భము ఈ యర్థమే కుదురుననును. ఈ కట్టుబాట్లకు లోబడి గూడ ఒక్కొకప్పుడు అయిదాఱు పూరణములు పొసగును. ఏ పూరణము వేసినను పద్యతాత్పర్యము మాఱనిచో తాత్పర్యమును ధైర్యముగా చెప్పవచ్చును. పూరణముతోపాటు తాత్పర్యము మాఱుచున్నచో ఆ సందేహమును పాఠకునకు తెలుపవలెను.

రూబిను పండితుడు ప్రతిపాదించి, 1987లో గ్రంథరూపమున విస్తరించిన బహుపూరణ పద్ధతి సరిగా నిట్టిదే. ఖాళీగడులను ఒక్కమాఱు గాక అయిదు, పది, ఇరువది మాఱులు, తెలిసిన వివరములు అనుమతించినంతలో వేఱువేఱుగా పూరించి అన్ని ప్రతులు సిద్ధము చేయుదురు. ప్రతి ప్రతిమీదను లెక్క మొదటినుండి కట్టుదురు. వచ్చిన జవాబుల సరాసరి తుదిజవాబు. ఆ జవాబులు ఒకదానికొకటి ఎంత దూరముగా నున్నవో అంత సందేహమును తుదిజవాబునకు జోడింతురు. తెలియనిది తెలియనిదిగానే లెక్కలోనికి వచ్చుట ఇందలి గుణము.

జీవితావధి గణనమునందు ఇక్కడ నొక సూక్ష్మము కలదు. వయస్సు గడిని పూరించునపుడు రోగి తుదకు చనిపోయెనా, ఎంతకాలము కనబడెను అను సంగతులను గూడ చూడవలయునా? ఫలమును చూచి కారణమును పూరించుట దొంగలెక్క యని తోచును. కాని చూడకున్ననే తప్పు. మరణముతో సంబంధము లేకుండ వయస్సులు నింపినచో, ముదిమికిని మరణమునకును గల నిజమైన సంబంధము లెక్కలో పలుచబడిపోవును. 2009లో వైటు, రాయిస్టను అను పండితులు ఈ విషయమును కాక్సు మార్గమునకు అన్వయించి, మరణసంగతిని, అప్పటివఱకు కూడిన ప్రాణాపాయపు మొత్తమును పూరణమున చేర్పవలెనని నిరూపించిరి. పద్యము నడుమ పోయిన పదమును పూరించువాడు చివరిపాదములోని క్రియాపదమును చూడక పూరించునా?

ఎన్ని పూరణము లున్నను, పోగొట్టుకొనకుండుటయే ఉత్తమ మార్గము. 1956లో మదరాసునందు స్థాపింపబడిన క్షయచికిత్సా పరిశోధనకేంద్రమువారు బీదరోగులను కొందఱిని శానిటోరియమునందును, కొందఱిని ఇంటియొద్దనే యుంచియు మందులిచ్చి పోల్చిచూచిరి. రోగుల యిండ్లకు పోయి, మందు పుచ్చుకొనుచున్నారా యని విచారించి, వారిని విడువక కనిపెట్టిరి. ఇంటివైద్యము శానిటోరియము వైద్యమునకు ఇంచుమించు తీసిపోదని 1959లో ప్రకటించిరి. ఆ మాట లోకమంతటి క్షయవైద్యమును మార్చినది. రోగులు కనుమఱుగైపోయి యుండినచో ఆ మాటను ఎవరు నమ్మియుందురు? మఱియొక సంగతి. మందు నడుమ మానినవారికి వైద్యపుస్తకములలో చాలకాలము డిఫాల్టరు, అనగా బాకీ ఎగవేసినవాడు, అను పేరుండెడిది. 2013లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ మాటను తొలగించి, "ఆచూకీ తప్పినవాడు" అను నర్థముగల మాటను నిలిపెను. ఎందుకు పోయెనో తెలియనివానిని నిందించుటకు మన మెవ్వరము?

కావున పెద్దలకు నా మనవి మూడు మాటలు. మందు మహిమను గుఱించిన లెక్క విన్నపుడు, "మొదట చేరినవా రెందఱు? కడకు ఆచూకీ తెలియనివా రెందఱు? వారిని ఏమని లెక్కించితిరి?" అని యడుగుడు. వైద్యమున నున్నవారు వేఱూరికి పోవునపుడు ఆరోగ్యకార్యకర్తకు క్రొత్తచోటు తెలుపునట్లు ఇంటివారికి చెప్పుడు. వయస్సును అలవాట్లను అడిగినపుడు తెలిసినది నిజముగా చెప్పుడు, తెలియనిచో తెలియదనుడు. తెలియదని వ్రాసిన గడి తప్పువ్రాసిన గడికంటె మేలు.

ఉద్యోగవిరమణానంతరము నేను ఆ పాత హాజరుపట్టీలోని పేర్లను వ్రాసికొని, ఇరువదియాఱుగురికొఱకు ఊరూర విచారించితిని. ఇరువదియొక్కరి సంగతి తెలిసినది. ఆఱుగురు పట్టణపు బడులలో చేరి నా పిల్లలకు తీసిపోకుండ చదువుకొనిరి. పదుమువ్వురు సేద్యములోను కూలిపనులలోను దిగిరి. ఇద్దఱు బాల్యముననే చనిపోయిరి. అందులో ఒకడు, ఆనాడు సభలో నన్ను ప్రశ్నించిన రైతు కొమరుడు. ఆయనకు తన బిడ్డ సంగతి తెలిసియే, నాకు తెలియునా యని యడిగినాడు. తక్కిన అయిదుగురి యాచూకీ నేటికిని దొరకలేదు. వారి పేర్లకెదురుగా ఇప్పుడు ఎఱ్ఱగీత లేదు, ఖాళీగా నుంచితిని.